పాలకొండ సర్వీసు టైమైపోతంది

మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. 31 ఏళ్ళు చేసి 2014లో రిటైరయ్యారు. ఎక్కువకాలం విజయనగరం నుంచి పాలకొండ రూట్లోనే తిరిగారు. నెల్లిమర్ల, గుర్ల, గరివిడి, చీపురుపల్లి, రాజాం, పాలకొండ. ఈ వరస నాకూ నోటికొచ్చు. పెళ్ళయిన కొత్తలో నిద్దట్లో కూడా ఆయన ఇవే పేర్లు పలవరించేవారు. వేళ్ళ మధ్య నోట్లు నిలువుగా మడిచి పెట్టుకుని, ఎవరికెంత చిల్లర బాకీ ఉందో బుర్రలో పెట్టుకుని, దిగే చోట పిలిచి మరీ చేతిలో పెట్టే మనిషి. డిపోలో క్యాష్ కట్టేటప్పుడు ఒక్క రూపాయి తేడా వచ్చిందంటే ఆ రాత్రి అన్నం సహించేది కాదు.

అలాంటి మనిషి 2020లో లాక్‌డౌన్ రోజుల్లో కిరాణా కొట్టుకి 500 నోటు పట్టుకెళ్ళి, మిగతా డబ్బులు తీసుకోకుండా వచ్చేశారు. కొట్టతను మంచివాడు, వెనకాలే కుర్రాణ్ణి పంపాడు. రెండు రోజులకి మళ్ళీ అదే. పొద్దుట్నుంచి రాత్రిదాకా "ఈవేళ ఏ వారం?" అని అడుగుతూ ఉండేవారు. ఇంట్లో కూర్చుని కూర్చుని అందరికీ వారాలు కలిసిపోయిన రోజులవి. నేను పట్టించుకోలేదు. ఆ మరుసటి ఏడాది రైతుబజారుకి వెళ్ళిన మనిషి మధ్యాహ్నమైనా రాలేదు. గంటస్తంభం దగ్గర అరుగు మీద కూరల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి "వచ్చీసావా, ఎటెళ్ళాలో తేల్చుకోలేకపోతన్నాను" అన్నారు. ఆయన పుట్టి పెరిగిన ఊరది.

అప్పుడు చూపించుకున్న డాక్టరు రెండు నిమిషాలు మాట్లాడి, "వయసు మీద పడితే మామూలే" అని బలానికి మాత్రలు రాసిచ్చారు. ఆయనకప్పుడు 65. ఆ ఒక్క మాటకి మాకు దాదాపు ఏడాది పోయింది. ఈలోగా చుట్టాలు ఊరుకుంటారా? ఇది చిల్లంగే అన్నారు. మా ఆడపడుచు ఒక మంత్రగాడి దగ్గరకి కూడా తీసుకెళ్ళింది. నేను వద్దనలేదు. అప్పుడు నేనూ దేనికైనా సిద్ధంగానే ఉన్నాను. నిమ్మకాయలూ తాయెత్తులూ వచ్చాయి, డబ్బు పోయింది, మనిషి మాత్రం అలాగే ఉన్నారు.

మా పెద్దమ్మాయి శ్రీకాకుళంలో ఉంటుంది. తనే పట్టుబట్టి రక్తపరీక్షలు చేయించింది. థైరాయిడ్ బాగానే ఉంది, బీ12 తక్కువుంది. బీ12 తగ్గినా మతిమరుపు వస్తుందనీ, అది బాగయ్యే రకమనీ విని ఎంత సంబరపడ్డామో చెప్పలేను. ఇంజక్షన్లు చేయిస్తున్నన్నాళ్ళూ ఈవేళ కాస్త నయంగా ఉన్నారు, నిన్నటికన్నా బాగా మాట్లాడుతున్నారు అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. మూడు నెలలకి బీ12 సరిపోయింది. మతిమరుపు మాత్రం కదల్లేదు. అప్పుడు విశాఖపట్నంలో న్యూరాలజిస్టు దగ్గరకి వెళ్ళాం. 2022 ఆగస్టు.

ఆ రోజు జరిగిన పరీక్ష చూసి నా కడుపు తరుక్కుపోయింది. మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నారు. కుర్చీ, మామిడికాయ, రూపాయి. తర్వాత వందలోంచి ఏడు తీసేస్తూ వెళ్ళమన్నారు. ఈయన వెంటనే "తొంభై మూడు" అన్నారు. కాసేపటికి "ఎనభై ఆరు". తర్వాత ఆగిపోయారు. కుడిచేతి వేళ్ళు ఒకదాని మీదకి ఒకటి జరుపుతున్నారు, మధ్యలో నోట్లున్నట్టు. "ఎంత తియ్యమన్నారండీ?" అని డాక్టర్ని అడిగారు. గడియారం బొమ్మ వెయ్యమంటే గుండ్రంగా గీసి అంకెలన్నీ ఒక పక్కకే కుక్కేశారు. మూడు మాటల్లో రూపాయి ఒక్కటే గుర్తుంది. 30కి 19 వచ్చాయి. ఎమ్మారై తీయించాక డాక్టరు ఫిల్ము లైటు ముందు పెట్టి, కొత్త సంగతులు దాచుకునే చోటు ముందుగా కుంచించుకుపోతోందని చూపించారు. పాత సంగతులు ఇంకోచోట గట్టిగా నాటుకుని ఉంటాయి కాబట్టి అవి చాలాకాలం నిలుస్తాయట. పొద్దున్న తిన్న ఇడ్లీ గుర్తులేదు గానీ 1990లో నెల్లిమర్ల టిక్కెట్టు ధర చెప్పేస్తారెందుకో అప్పుడు నాకు అర్థమైంది.

జబ్బు పేరు అల్జీమర్స్ అన్నారు. ఆ పేరు ఒక జర్మన్ డాక్టరుదట. 1906లో మొదట ఆయనే ఈ జబ్బు సంగతి నలుగురికీ చెప్పారట. మందు పూర్తిగా బాగుచెయ్యదు, కొంతకాలం నిలకడగా ఉంచుతుంది అన్నారు. మా ఆయన అంతా విని, "అయితే డ్యూటీకి పనికిరానన్నమాట" అన్నారు. రిటైరై అప్పటికే ఎనిమిదేళ్ళు. రైల్లో వస్తుంటే కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. కొత్తవలస దాటాక నా చెయ్యి పట్టుకున్నారు. మర్నాడు పొద్దున్న లేచి, "నిన్న ఏటికెళ్ళాం విశాఖపట్నం? ఎవరికి బాగోలేదు?" అని అడిగారు. ఆయన ఒక్క రాత్రిలో మర్చిపోయిన ఆ కబురు ఇంక మేమే మొయ్యాలని అప్పుడు తెలిసింది.

మందుల సంగతి ముందు చెప్పేస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. డొనెపెజిల్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నెల దాటాక 10 చేశారు. మొదట్లో విరేచనాలు పట్టుకున్నాయి, ఆకలి పోయింది. రాత్రి వేస్తుంటే పీడకలలొచ్చి కేకలు పెట్టేవారు. డాక్టరుకి చెబితే పొద్దున్నకి మార్చారు, కలలు తగ్గాయి. దీనివల్ల కొందరికి గుండె వేగం తగ్గుతుందని ముందే ఈసీజీ తీశారు. ఏడాదిన్నర తర్వాత మెమాంటిన్ కూడా చేర్చారు. ఇంకోటి కూడా మరీ మరీ చెప్పారు. జలుబు మాత్రలు, నిద్రమాత్రలు మందుల షాపులో అడిగి వెయ్యొద్దని. జలుబుకి వాడే కొన్ని పాత మాత్రలు ఈ మందు చేసే పనికి అడ్డం పడతాయట, మతి ఇంకా తికమక అవుతుందట. అంతకుముందు జలుబు చేసినప్పుడల్లా నేను వేసినవి అవే.

కాగితాల పని మాత్రం మా పెద్దమ్మాయి ముందుచూపువల్ల ఒడ్డెక్కింది. సంతకం పెట్టగలిగినప్పుడే అన్నీ చేసుకోండి అని డాక్టరే చెప్పారు. బ్యాంకు ఖాతా ఇద్దరి పేర్లా మార్చాం, ఎవరు సంతకం పెట్టినా చెల్లేలా. ఇల్లు ఆయన పేరునే ఉంది. నాకు పవరాఫ్ అటార్నీ రాయించుకుందామని వకీలు దగ్గరకెళ్తే, మనిషి తన మంచిచెడ్డలు తెలుసుకోలేని స్థితికి వచ్చాక ఆ కాగితం చెల్లదమ్మా అన్నారు. 1872 కాంట్రాక్టు చట్టంలోనే అలా ఉందట. తీరా అవసరపడే వేళకి చేతికి అందని కాగితం అది! బదులుగా ఆయనకి తెలివి ఉండగానే, డాక్టరు సర్టిఫికెట్టు జతచేసి, వీలునామా రాయించి రిజిస్టరు చేయించాం. ఆ రోజు సబ్‌రిజిస్ట్రారు అడిగిన ప్రతిదానికీ ఆయన సరిగ్గా జవాబు చెప్పారు. సంతకం కూడా పాత సంతకమే. ఇప్పుడైతే పేరులో మొదటి అక్షరం రాసి ఆగిపోతారు.

పీఎఫ్ పెన్షను కొద్దిగానే వస్తుంది. దానికీ ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వాలి. వేలిముద్ర పడలేదు. ఫోన్లో మొహం చూపించి చేద్దామంటే, కళ్ళు ఆర్పమని అది అడుగుతుంది. "కళ్ళు మూసి తెరవండి" అంటే ఈయన గట్టిగా మూసుకుని కూర్చుండిపోయేవారు. తెరవమంటే తెరిచి, ఇంక ఆర్పరు. నాలుగుసార్లు తప్పిపోయింది. చివరికి మనవడు ఫోను వెనకాల నిలబడి, "తాతా, నాలాగ చెయ్యి" అని కళ్ళు టపటపలాడించాడు. వాణ్ణి చూసి నవ్వుతూ తనూ ఆర్పారు. పడిపోయింది.

ఇవన్నీ ఒక ఎత్తు, సాయంత్రాలు ఒక ఎత్తు. నాలుగున్నర, ఐదయ్యేసరికి ఆయనలో ఏదో మొదలవుతుంది. లేస్తారు, కూర్చుంటారు, గోడకున్న చొక్కా తీస్తారు. "ఏటే, టిఫిను కట్టీసావా? పాలకొండ సర్వీసు టైమైపోతంది" అంటారు. నేను చెప్పేదాన్ని. మీరు రిటైరయ్యారు, ఎనిమిదేళ్ళయింది, ఇప్పుడు మీకు డ్యూటీ లేదు. ఆయనకి కోపం వచ్చేది. "నన్ను తీసీసారా? ఏం తప్పు చేశాను? ఎవరు రిపోర్టు రాశారు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. రిటైర్మెంటు సన్మానం ఫొటో తెచ్చి చూపించేదాన్ని. కాసేపు చూసి ఊరుకునేవారు. మర్నాడు సాయంత్రం మళ్ళీ మొదలు. ప్రతిరోజూ ఆయనకి ఉద్యోగం కొత్తగా పోయేది. ఆ కబురు రోజూ చెప్పేది నేనే. ఇది అర్థం కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఆ ఆరు నెలల్లో ఒకరోజు చెయ్యి చేసుకున్నాను. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నాకు ఇంట్లో కుట్టుమిషను ఉంది, జాకెట్లు కుడతాను. పెళ్ళివారి పట్టు గుడ్డ కత్తిరించి పెట్టుకుంటే, దాన్ని ఆయన సన్నగా ముక్కలు చింపేశారు. నాకు ఒళ్ళు తెలియలేదు. చేతి మీద కొట్టాను. ఆయన ఎదురు తిరగలేదు, చెయ్యి ఒళ్ళోకి లాక్కుని, "తప్పయిపోయిందండీ" అన్నారు. నలభై ఏళ్ళ కాపురంలో నన్ను ఎప్పుడూ అండీ అనలేదు. నేనెవరో ఆ క్షణంలో ఆయనకి తెలియలేదు. ఆ రాత్రి పెద్దమ్మాయికి ఫోను చేసి ఏడ్చాను. తను మాట్లాడకుండా వినేసి పొద్దున్న బస్సుకి వచ్చేసింది. నాకు బీపీ చూపిస్తే 170 ఉంది. అప్పట్నుంచి నెలకి రెండుసార్లు శనాదివారాలు తను వచ్చి నాన్న దగ్గర ఉంటుంది, నేను మా చెల్లెలింటికి వెళ్ళి నిద్రపోతాను. నిజంగా నిద్రపోవడానికే వెళ్తాను. ఇలా చూసుకునే ఆడవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ఆ రెండు రోజులు అడిగి తీసుకోండి. ఇవ్వడానికి ఎవరో ఒకరు ఉంటారు, మనమే అడగం.

అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. తను మొదట ఒప్పుకోలేదు. ఇక్కడి వైద్యం చాలదు, నా దగ్గరుంటే బాగుంటారు అని 2023లో తీసుకెళ్ళాడు. ప్రేమతోనే తీసుకెళ్ళాడు, కోడలు కూడా ఏ లోటూ రానివ్వలేదు. కానీ అది తొమ్మిదో అంతస్తు. లిఫ్టు తలుపు మూసుకుంటే భయపడి నా చీర కొంగు పట్టుకునేవారు. రాత్రి బాత్రూము ఎటో తెలియక వంటింట్లో నిలబడేవారు. బాత్రూము అద్దంలో ఎవరో ముసలాయన ఉన్నాడని లోపలికి వెళ్ళేవారు కాదు. మూడు వారాలకి నాలుగు కిలోలు తగ్గారు. అబ్బాయే చూసి, "అమ్మా, ఇంటికెళ్ళిపోదాం, నేనూ వస్తాను" అని సెలవు పెట్టి దింపాడు. దాసన్నపేటలో మా వీధి మలుపు తిరగ్గానే ఈయన నాకన్నా ముందు నడిచి, గేటు గడియ చూడకుండానే తీశారు. అబ్బాయి అక్కడే నిలబడిపోయాడు. తర్వాత ఎప్పుడూ హైదరాబాదు మాట ఎత్తలేదు.

ఆ ఏడాదే చలికాలంలో, తెల్లవారుజామున నాలుగింటికి ఆయన ఇంట్లోంచి వెళ్ళిపోయారు. లేచి చూస్తే పక్క చల్లగా ఉంది. అరగంట వీధులన్నీ తిరిగాక నాకు తట్టింది. ఆటో ఎక్కి ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చుని ఉన్నారు. చొక్కా గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని, చంకలో నా చేతిసంచి పెట్టుకుని. క్యాష్ సంచి అనుకున్నారు. "ఇంకా డ్రైవరు రాలేదే" అన్నారు. నేను పక్కన కూర్చుని, "ఈవేళ సర్వీసు కేన్సిలటండీ, కంట్రోలరు చెప్పాడు" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు. "అలాగా" అన్నారు. లేచి నాతో వచ్చేశారు. ఒక్క మాట పెరగలేదు, ఒక్క కన్నీటి చుక్క లేదు.

ఆ రోజు నుంచి నేను ఆయన్ని సరిదిద్దడం మానేశాను. అబ్బాయికి ఇది నచ్చలేదు. నాన్నకి రోజూ అబద్ధం చెప్తావా అన్నాడు. నేనన్నాను, బాబూ, నిజం చెప్తే ఆయన రోజూ ఏడుస్తున్నారు, అది నువ్వు చూడ్డం లేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు ఐదింటికి తనే ఫోను చేసి, స్పీకరు పెట్టమని, గొంతు మార్చి, "కండక్టరు గారూ, ఈవేళ మీకు రెస్టండీ. రేపు డ్యూటీ చార్టులో చూసుకోండి" అన్నాడు. ఆయన ఫోనుకి నమస్కారం పెట్టి, "సరే సార్" అని చొక్కా విప్పి మేకుకి తగిలించారు. అప్పట్నుంచి ఆఫీసులో ఎంత పనున్నా ఐదింటికి వాడి ఫోను వస్తుంది.

ఇంట్లో కూడా చాలా మార్చాం. వీధి తలుపుకి గడియ పైకి, ఆయన చూపు వెళ్ళని చోట వేయించాం, చిన్న గంట కట్టాం. ప్రతి చొక్కా లోపలివైపు మా ఫోను నెంబరు మిషను మీద కుట్టాను. అద్దానికి గుడ్డ కప్పాను. తెల్ల మగ్గు తెల్ల గోడ ముందు ఆయనకి కనబడదు, ఎర్రది పెడితే తీసుకుంటున్నారు. తల మీద నీళ్ళు పోస్తే భయపడతారు కాబట్టి పాదాల నుంచి మొదలుపెట్టి పైకి వస్తాను. అన్నం తిన్న పావుగంటకి తినలేదంటారు. అందుకని మొదటిసారి సగమే పెడతాను, మిగతా సగం రెండోసారి. సాయంత్రం చోడి అంబలి గ్లాసు చేతికిస్తే కాసేపు కూర్చుంటారు.

అన్నిటికన్నా కష్టమైంది వీధిలో చెప్పడం. పిచ్చి అంటారేమోనని రెండేళ్ళు దాచాను. మన దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా, దాదాపు 88 లక్షల మందికి ఇలాంటి మతిమరుపు జబ్బులున్నాయని మా అమ్మాయి చదివి చెప్పింది. మరి వాళ్ళందరి ఇళ్ళల్లోనూ నాలాగే దాస్తున్నారా అనిపించింది. మర్నాడే కిరాణా కొట్టులో, టీ బడ్డీ దగ్గర, ఆటోస్టాండులో చెప్పేశాను. ఈయన ఒంటరిగా కనిపిస్తే గట్టిగా అడ్డుకోకండి, పక్కన నడుస్తూ నాకు ఫోను చెయ్యండి అని. ఇప్పటికి మూడుసార్లు ఫోను వచ్చింది. టీ బడ్డీ అబ్బాయి ఒకసారి కొట్టు వదిలేసి ఈయన వెనకాల పెద్దచెరువు గట్టుదాకా నడిచాడు.

2024 ఎండాకాలంలో ఒక్కసారిగా రెండు రోజుల్లో మనిషి మారిపోయారు. గోడ మీద జనం ఉన్నారనేవారు, మంచం దిగలేకపోయారు. జబ్బు ముదిరిపోయింది, ఇంక ఇంతే అనుకుని అబ్బాయిని రమ్మని ఫోను కూడా చేశాను. డాక్టరు మూత్రపరీక్ష చేయిస్తే ఇన్ఫెక్షను. పైగా నీళ్ళు సరిగ్గా తాగలేదు. వారం మందులు వేస్తే మళ్ళీ పూర్వంలాగే లేచి తిరిగారు. ఈ జబ్బు నెమ్మదిగా దిగుతుంది, రాత్రికి రాత్రి దిగితే వేరే కారణం వెతకాలి అని డాక్టరు చెప్పారు. అందరికీ తెలియాల్సిన మాట ఇది. నేను ఆ రెండు రోజులూ ఊరికే ఏడుస్తూ కూర్చున్నాను.

ఆయన పట్టు గుడ్డ ఎందుకు చింపారో తర్వాతెప్పుడో అర్థమైంది. పాత పేపరు ఇస్తే వెడల్పు సమానంగా, బొటనవేలితో అంచు నొక్కిపట్టి, ఒక్క లాగులో చింపుతారు. నా చేతిలో ఒకటి పెట్టి, చెయ్యి చాపుతారు. టిక్కెట్లు! ఇప్పుడు పాత క్యాలెండరు కాగితాలన్నీ ఆయనకే. వచ్చినవాళ్ళందరికీ టిక్కెట్టు ఇస్తారు. చిల్లర డబ్బా ఒకటి పక్కన పెట్టాను.

పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ఒకప్పుడు ఆయనకి స్పెషల్ బస్సుల డ్యూటీ పడేది, ఇంట్లో ఉండేవారు కాదు. ఇప్పుడు ఇంట్లో ఉన్నా ఆ జనంలోకి తీసుకెళ్ళలేను, డప్పులకి బెదిరిపోతున్నారు. అందుకని జనం తక్కువుండే ఆదివారం మధ్యాహ్నం, ఒంట్లో బాగుంటే, పాలకొండ బస్సు ఎక్కిస్తాను. చీపురుపల్లిదాకా వెళ్ళి తిరిగొస్తాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు కదా. కండక్టరు మిషను నొక్కి నాకు సున్నా టిక్కెట్టు ఇచ్చి వెళ్ళిపోతే, ఈయన ఆదుర్దాపడిపోయారు. "డబ్బులియ్యలేదేటే? చెకింగోళ్ళెక్కితే ఆ కుర్రోణ్ణి సస్పెండు చేసీస్తారు" అని లేచి నిలబడ్డారు. చేతిలో పది రూపాయలు పెడితే తీసుకెళ్ళి కండక్టరుకి ఇచ్చారు. ఆ అబ్బాయికి నేను సైగ చేశాను. అతను తీసుకుని, "థాంక్సు సార్" అని, దిగేటప్పుడు నా చేతిలో మళ్ళీ పెట్టేశాడు.

బస్సు కదిలాక ఈయన కిటికీలోంచి చూస్తూ స్టేజీలు చెబుతారు, కండక్టరు కన్నా ముందు. నెల్లిమర్ల, హోల్డాన్. గుర్ల. మొన్నటి ఆదివారం గుర్ల దాటాక, చాలాసేపు పెదాలు కదిపారు గానీ పేరు రాలేదు. బస్సు ఆగింది, జనం దిగుతున్నారు. నా వైపు చూశారు.

"గరివిడి" అన్నాను.

"ఆఁ, గరివిడి" అన్నారు. జేబులోంచి క్యాలెండరు కాగితం తీసి, బొటనవేలితో అంచు నొక్కిపట్టి, చింపి నాకిచ్చారు.